ఉప్పుగాలిలో నిలిపిన బండి

మోటారు సైకిలును నెలల తరబడి కదపకుండా ఉంచడం చలిదేశాల్లో ఏటా జరిగే పని. కెనడాలోనో స్వీడన్‌లోనో నవంబరు వచ్చేసరికి బండి షెడ్డులోకి చేరుతుంది. మంచు కరిగి రోడ్లు ఆరాక, మార్చి, ఏప్రిల్ నెలల్లో మళ్లీ బయటికి వస్తుంది. జర్మనీలో 1997 నుంచి దీనికోసం ప్రత్యేకమైన నంబరు ప్లేటే ఉంది. బండి ఏ నెల నుంచి ఏ నెల దాకా రోడ్డెక్కుతుందో ఆ ప్లేటు మీదే అచ్చువేస్తారు, పన్ను, బీమా ఆ నెలలకే కట్టించుకుంటారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మైదానంలోనూ తీరంలోనూ నీరు గడ్డకట్టే చలి ఎప్పుడూ రాదు. పుష్యమాసపు తెల్లవారుజామున మహా అయితే పొగమంచు కమ్ముతుంది, ఎనిమిదింటికల్లా విడిపోతుంది. పన్నెండు నెలలూ బండి నడుస్తుంది. అయినా ఈ జిల్లాల్లో వేల ఇళ్ల పంచల్లో బళ్లు నెలల తరబడి కదలకుండా ఉంటాయి. కారణం వలస. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం నుంచి భోగాపురం మండలం ముక్కాం దాకా ఉన్న తీరగ్రామాల మత్స్యకారులు ఆగస్టు ప్రాంతంలో గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి పడవల మీద పనిచేస్తారు. పశ్చిమ తీరంలో వేట నిషేధం జూన్‌లో మొదలవుతుంది కనుక ఆలోగా తిరిగొస్తారు. ఉద్దానం నుంచి, లోపలి మెట్ట మండలాల నుంచి హైదరాబాదుకో చెన్నైకో గల్ఫ్ దేశాలకో వెళ్లేవారి కాలం ఇంకా ఎక్కువ. ఈ ఎడబాటుకు గడువు కూడా ఖాయంగా ఉండదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వేరావల్‌లో చిక్కుకుపోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను బస్సుల్లో తీసుకురావాల్సి వచ్చింది.

చలిదేశంలో ఐదు నెలలు నిలిచిన బండి కంటే ఉద్దానంలో ఐదు నెలలు నిలిచిన బండికే ఎక్కువ నష్టం జరుగుతుంది. మంచు లేదు కాబట్టి మన బండికి దిగుల్లేదనుకోవడం సహజమే. రసాయన శాస్త్రం ఒప్పుకోదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది పాఠశాలలో చెప్పే స్థూల సూత్రం. తుప్పు పట్టడం, పెట్రోలు చెడడం, బ్యాటరీ తనంతట తాను దిగిపోవడం, రబ్బరు పెళుసెక్కడం, ఇవన్నీ రసాయన చర్యలే. 0 డిగ్రీల షెడ్డులో అవన్నీ నెమ్మదిస్తాయి. 32 డిగ్రీల పంచలో పరుగు పెడతాయి. దీనికి తేమ కూడా తోడవుతుంది. 0 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి దాదాపు 5 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల దగ్గర అదే గాలి 30 గ్రాముల దాకా పట్టుకుంటుంది.

తేమకు ఉప్పు కలిసినచోట అసలు కథ మొదలవుతుంది. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాది 193 కిలోమీటర్ల తీరమని, రాష్ట్రంలోకెల్లా పొడవైనదని పాత లెక్క. విజయనగరానిది 28 కిలోమీటర్లు. సంతబొమ్మాళి మండలం నౌపడలో తరతరాలుగా ఉప్పు పండుతోందంటే ఆ గాలిలో, ఆ నేలలో ఏముందో వేరే చెప్పనక్కరలేదు. కెరటం విరిగినప్పుడు లేచే సన్నటి తుంపరలు గాలిలోనే ఆరి ఉప్పు రేణువులై లోపలికి కొట్టుకొస్తాయి. తీరానికి కిలోమీటరు లోపు ఈ తాకిడి ఎక్కువ, దూరం పోయేకొద్దీ త్వరగా తగ్గుతుంది. తుఫాను గాలి మాత్రం ఉప్పును చాలా లోపలి ఊళ్లకూ మోసుకుపోతుంది.

శుభ్రమైన ఇనుము మీద తుప్పు వేగం పెరగడానికి గాలిలో తేమ 60 శాతం దాటాలి. మామూలు ఉప్పు 75 శాతం తేమ దగ్గర గాలిలోని నీటిని పీల్చుకుని తానే ద్రవమైపోతుంది. కళింగపట్నం వంటి చోట ఏడాదిలో చాలా రోజులు ఉదయం వేళ తేమ ఆ గీత దాటే ఉంటుంది. సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. అంటే మిట్టమధ్యాహ్నం బండి పొడిగా కనిపిస్తున్నప్పుడు కూడా చువ్వల మొదట్లో, బోల్టుల సందుల్లో కంటికి కనపడని తడి ఉంటుంది. ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లను వదులుతుంది, పక్కనే ఆక్సిజనూ నీరూ వాటిని అందుకుంటాయి. ఉప్పు కరిగిన తడి ఆ రెండు చోట్ల మధ్య విద్యుత్తుకు దారి ఇస్తుంది. అందులోని క్లోరైడు, లోహం తనమీద తాను కప్పుకునే రక్షక పొరను చీలుస్తుంది. ఇనుము మీద ఎర్రటి తుప్పు, అల్యూమినియం ఇంజిను మీద తెల్లటి పొడి, రాగి ఇత్తడి కొనల మీద పచ్చటి చిలుము, మూడూ ఈ ఒక్క పని ఫలితాలే. కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ దేశంలో ఎక్కడ తుప్పు లోహాన్ని ఎంత వేగంగా తింటుందో కొలిచి తుప్పు పటాలు తయారుచేసిందంటే, ఈ నష్టం దేశానికి ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు.

చలిదేశాల బండికీ ఉప్పు బాధ ఉంది, అయితే అది ఎదురు దిక్కు నుంచి వస్తుంది. మంచు కరగడానికి ప్రభుత్వమే రోడ్ల మీద ఉప్పు చల్లుతుంది. అక్కడ చలికాలంలో నడిపిన బండి తుప్పుపడుతుంది, షెడ్డులో పెట్టింది క్షేమంగా ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో ఉప్పు షెడ్డులోకే నడిచొస్తుంది. ఇక్కడ ఒక విషయం వినడానికి వింతగా ఉన్నా నిజం. తీరంలో వానకు తడిసే లోహం కంటే చూరు కింద వాన తగలకుండా ఉన్న లోహం మీదే ఉప్పు ఎక్కువగా పేరుకుంటుంది. వాన కడిగేస్తుంది, చూరు కడగనివ్వదు. పైన కనపడే ట్యాంకు మెరుస్తూనే ఉండగా మడ్‌గార్డు లోపలి అంచు చిల్లులు పడడానికి కారణం ఇదే.

నీడకోసం బండిని పశువుల శాలలో పెట్టడం పల్లెల్లో మామూలు. ఇది అన్నిటికంటే చెడ్డ చోటు. పశువుల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా ఇత్తడిని, రాగిని తింటుంది. దీనికి పేరుమోసిన ఉదాహరణ మన దేశంలోదే. బ్రిటిష్ సైన్యం వానాకాలమంతా గుర్రపుశాలల్లో నిల్వచేసిన తూటాల ఇత్తడి గొట్టాలు వాటంతట అవే పగుళ్లిచ్చేవి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, వానాకాలపు తేమ, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అది అని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే శాస్త్రజ్ఞులు తేల్చారు. మోటారు సైకిలు వైర్ల కొనల్లో ఉండేదీ రాగి, ఇత్తడే. ఇంజెక్షను బళ్లలో సెన్సార్ల నుంచి కంప్యూటరుకు వెళ్లే సంకేతాలు చాలా బలహీనమైనవి. కొన మీద కాస్త చిలుము పట్టినా అవి తప్పుగా అందుతాయి. యూరియా, పొటాష్ బస్తాల పక్కన పెట్టినా ఇదే ముప్పు. రైతులు వాడే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ పొటాషియం క్లోరైడే. అంటే అదీ ఒక ఉప్పే.

పెట్రోలు సంగతికి వస్తే, పదేళ్లనాటి అనుభవం ఇప్పుడు పూర్తిగా పనికిరాదు. పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపడం 2022 నాటికి దేశమంతా అమలైంది, 2025కల్లా అది 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొద్దిపాటి నీరైతే పెట్రోలులోనే కలిసి మండిపోతుంది. హద్దు దాటితే ఇథనాలూ నీరూ జతకట్టి పెట్రోలును విడిచి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజినుకు పెట్రోలు వెళ్లేది అడుగు నుంచే. ఇథనాల్ పాలు పెరిగేకొద్దీ ఆ హద్దు కూడా పెరుగుతుంది కనుక, ఈ విషయంలో 20 శాతం పెట్రోలు 10 శాతం దానికంటే కాస్త ఓర్పు గలదే. అయితే ట్యాంకులోకి నీరెలా వస్తుంది? గాలిలోని తేమ వల్లే అని చాలామంది నమ్మకం. లెక్క చూస్తే, 10 లీటర్ల ఖాళీ ట్యాంకులోని గాలి 30 డిగ్రీల దగ్గర మహా అయితే 0.3 గ్రాముల నీటిని పట్టుకుంటుంది. ఆ మాత్రం నీరు పెట్రోలును ఏమీ చేయలేదు, కానీ ట్యాంకు లోపలి పైకప్పు రేకుకు తుప్పు పట్టించడానికి చాలు. పెట్రోలును పాడుచేసేది వాననీరు. ట్యాంకు మూత చుట్టూ ఉన్న పల్లంలో పడ్డ నీరు కిందికి పోవడానికి ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది పూడుకుపోతే నీరు నిలిచి, పాతబడ్డ మూత రబ్బరు పక్కనుంచి లోపలికి జారుతుంది. ఎక్కువకాలం వదిలి వెళ్లేముందు ట్యాంకు నిండుగా నింపమని కంపెనీ పుస్తకాలు చెప్పేది రేకుకు గాలి తగలకుండా ఉండటానికే. మూత దగ్గరి రంధ్రాన్ని ఒక సన్నటి తీగతో శుభ్రం చేయడం దానికి తోడుగా చేయాల్సిన పని.

పాత కార్బొరేటర్ బండిలో ఇంకో ఇబ్బంది ఉంది. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన కొద్దిపాటి పెట్రోలులోంచి త్వరగా ఆవిరయ్యే భాగం ముందు పోతుంది. మిగిలింది గాలిలోని ఆక్సిజనుతో కలిసి జిగురుగా మారుతుంది. స్లో జెట్ రంధ్రం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు, ఆ జిగురు దాన్ని మూసేస్తుంది. మెకానిక్ షెడ్డులో జెట్ విప్పి ఎండకు ఎదురుగా పట్టుకుని చూస్తే, బాగున్న జెట్‌లోంచి చుక్కంత వెలుగు కనపడుతుంది, మూసుకుపోయినదాంట్లో కనపడదు. ఎన్ని కిక్కులు కొట్టినా బండి అందుకోకపోవడానికీ, చౌక్ తీయగానే ఆగిపోవడానికీ చాలాసార్లు ఇదే కారణం. పెట్రోలు ట్యాపు ఆఫ్ చేసి, గిన్నెలో ఉన్నది అయిపోయి ఇంజిను తానే ఆగేదాకా నడిపి వదిలేస్తే ఈ బెడద తప్పుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్‌–6 నిబంధనలతో కొత్త బళ్లలో దాదాపు అన్నిటికీ ఇంజెక్షను వచ్చింది. అందులో పెట్రోలు బయటి గాలి తగలకుండా మూసి ఉంటుంది కాబట్టి జిగురు అంత త్వరగా పట్టదు. కానీ ఆ బండికి బ్యాటరీయే ప్రాణం. బ్యాటరీ పూర్తిగా చనిపోతే పెట్రోలు పంపు తిరగదు, కిక్ కొట్టినా లాభం తక్కువ.

బ్యాటరీ విషయంలో చలిదేశానికీ మనకూ భయాలే వేరు. ఛార్జి నిండుగా ఉన్న బ్యాటరీలోని ఆమ్లం సున్నాకు దిగువన 50 డిగ్రీలు దాటినా గడ్డకట్టదు. ఛార్జి దిగిపోయినదైతే సున్నా కింద ఏడెనిమిది డిగ్రీలకే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. అందుకే అక్కడ బ్యాటరీని విప్పి ఇంట్లో పెట్టుకుంటారు. ఇక్కడ గడ్డకట్టే ప్రశ్నే లేదు, వేడికి ఛార్జి తానే దిగిపోవడమే సమస్య. దీనికి మీటరులోని గడియారం, ఇంజిను కంప్యూటరు వంటివి తాళం తీసేసినా లాగుతూ ఉండే కరెంటు తోడవుతుంది. అది ఒక్క మిల్లీ ఆంపియరే అనుకున్నా నెలకు 720 మిల్లీ ఆంపియర్ అవర్లు. 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న చిన్న బండికి అది ఐదో వంతుకు దగ్గర. నాలుగైదు నెలల్లో బ్యాటరీ అడుగంటుతుంది. అలా దిగిపోయిన స్థితిలో ఉన్న బ్యాటరీ పలకల మీద సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. తర్వాత ఎంత ఛార్జి పెట్టినా అవి పూర్తిగా కరగవు. నిండు ఛార్జిలో ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులకు పైగా చూపాలి. 12.4కు దిగిందంటే ఛార్జి పెట్టాల్సిన సమయం వచ్చినట్టే. ఊరు విడిచి వెళ్లేటప్పుడు నెగెటివ్ తీగ ఒక్కటి విప్పినా సగం సమస్య తీరుతుంది. దానికి కావలసింది ఒక స్పానరు, రెండు నిమిషాలు.

ఇంట్లోవాళ్లకు చాలామంది చెప్పి వెళ్లే మాట ఒకటి ఉంది: వారానికోసారి బండి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచండి. ప్రేమతో చెప్పే ఈ మాట బండికి చేటు చేస్తుంది. పెట్రోలు మండినప్పుడు అందులోని హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇంజినూ సైలెన్సరూ బాగా వేడెక్కాక ఆ నీరు ఆవిరిగానే బయటికి పోతుంది. రెండు నిమిషాలు ఆడించి ఆపేస్తే అది చల్లటి సైలెన్సరు గోడల మీద చెమటలా దిగి అక్కడే నిలుస్తుంది. కొంత ఇంజిను ఆయిల్లోకి చేరుతుంది. పైన పెయింటు చెక్కుచెదరని సైలెన్సరు లోపలినుంచి కుళ్లి ఒకరోజు చిల్లు చూపించడం దీనివల్లే. సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన కరెంటు కూడా ఆ రెండు నిమిషాల్లో బ్యాటరీకి తిరిగి చేరదు. స్టార్ట్ చేస్తే పది పదిహేను కిలోమీటర్లు నడపాలి, లేదంటే తాళం ముట్టకుండా ఉండటమే మేలు. రోజూ నడిచే బళ్లకూ ఇది వర్తిస్తుంది. ఇంటి నుంచి జీడితోటకు, తోట నుంచి టీ దుకాణానికి రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండి ఆయిల్, కిలోమీటర్ల లెక్క రాకముందే పాడవుతుంది. అలాంటి బండికి కాలాన్ని బట్టి ఆయిల్ మార్చాలి.

నిలిపే ముందు ఆయిల్ మార్చాలా, వచ్చాక మార్చాలా అనే ప్రశ్నకు ముందే అన్నది సరైన జవాబు. వాడిన ఆయిల్లో మంట వల్ల పుట్టిన ఆమ్లాలూ నీరూ ఉంటాయి. అవి ఎనిమిది నెలలు బేరింగులను అంటిపెట్టుకుని ఉండటం కంటే శుభ్రమైన ఆయిల్ ఉండటం మంచిది. డిస్క్ బ్రేకు ద్రవం కూడా తేమను పీల్చేదే. డాట్ 4 రకం ద్రవం కొత్తలో 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. బండి నడిచినా నిలిచినా రెండేళ్లకోసారి మార్చాలనే నియమాన్ని ఇక్కడి వాతావరణంలో సాగదీయకూడదు.

టైర్ల సంగతి తేలికే. గాలి నెమ్మదిగా తగ్గి, బండి బరువంతా ఒకేచోట పడి, అక్కడ టైరు చదునెక్కుతుంది. సెంటర్ స్టాండు మీద నిలిపి, నేలను తాకే చక్రం కింద చెక్క పెట్టి, గాలి నిండుగా కొట్టి వెళ్తే సరిపోతుంది. ఎండ తగిలేచోట పెడితే పక్కగోడలు పగుళ్లిస్తాయి.

బండిమీద కప్పే ప్లాస్టిక్ బరకం వానను ఆపుతుంది కానీ తేమను కూడా లోపలే బంధిస్తుంది. పగలు వేడికి నేల నుంచి లేచిన ఆవిరి రాత్రి బరకం లోపలి వైపు నీటిబొట్లుగా మారి బండి మీదే రాలుతుంది. పంచలో ఉన్న బండికి పాత నూలు దుప్పటి చాలు. ఆరుబయట బరకం తప్పనిసరైతే కింద జానెడు ఎత్తు గాలి ఆడేలా వదిలి కట్టాలి. కప్పేముందు మంచినీళ్లతో బండి కింది భాగమంతా కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. తీరగ్రామాల్లో కొన్ని బోర్లు ఉప్పునీరే ఇస్తాయి, వాటితో కడిగితే ఉప్పు పూసినట్టే. ఆరాక చైనుకు ఆయిలు, ముందు ఫోర్కు రాడ్లకు సన్నటి గ్రీజు పూత, బ్యాటరీ కొనలకు వేజలీను పెట్టాలి. ఫోర్కు రాడ్డు మీద ఆవగింజంత తుప్పు గుంట పడినా, అది పైకీ కిందికీ ఆడుతూ ఆయిల్ సీలును కోసేస్తుంది. సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కి, అది కనపడేలా కొస బయటికి వదలాలి. లేకపోతే మట్టిగూళ్లు కట్టే కందిరీగలు లోపల కాపురం పెడతాయి. ఎలుకలు వైర్లు కొరకకుండా సీటు కింద ధాన్యం, గుడ్డపేలికలు లేకుండా చూసుకోవాలి.

ఏడాది పొడవునా నడిచే బళ్లలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతినేవి చేపల బుట్టలు మోసేవి. బుట్టలోని ఐసు కరిగి ఉప్పునీరై వెనక చక్రం చువ్వల మీద, చైను మీద, షాక్ అబ్జార్బర్ల మొదట్లో రోజూ కారుతుంది. సాయంత్రం రెండు బకెట్ల మంచినీళ్లు పోయడం ఆ బండి ఆయుష్షును కొన్నేళ్లు పెంచుతుంది. చేపల బేరం లేని బండికి కూడా సముద్రం ఒడ్డుకు వెళ్లొచ్చిన రోజున అదే పని చేయాలి.

ఈ తీరంలో నిలిపిన బండికి ఇంకో గండం అక్టోబరులో వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. వేరావల్ వెళ్లినవారు ఇంట్లో ఉండని నెల అది. వరదనీటిలో మునిగిన బండిని నీరు తగ్గగానే స్టార్ట్ చేసి చూడాలన్నది అందరికీ కలిగే ఆత్రం. సిలిండరులోకి నీరు చేరి ఉంటే ఆ ఒక్క ప్రయత్నంతో ఇంజిను పోతుంది. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పిస్టను పైకి వచ్చి నీటిని ఢీకొంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు బ్యాటరీ తీగ విప్పాలి. తర్వాత ప్లగ్గు ఊడదీసి కిక్ రాడ్డుతో నీళ్లు బయటికి పోనివ్వాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్టే. దాన్ని తీసేసి, ఎయిర్ ఫిల్టరు మార్చి, ట్యాంకు ఖాళీచేశాకే మళ్లీ ప్రయత్నించాలి.

ఇంత శ్రద్ధగా నిలిపిన బండి కంటే కూడా, నమ్మకమైన చేతిలో వారానికి పదిహేను కిలోమీటర్లు నడిచే బండే ఈ వాతావరణంలో బాగుంటుంది. ఇంజిను వేడికి తేమ పోతుంది, బ్యాటరీకి ఛార్జి ఎక్కుతుంది, పెట్రోలు మారుతుంది, చైనుకు ఆయిలు పడుతుంది, ఎక్కడ ఏం పాడైందో కంటపడుతుంది. తమ్ముడికో బావమరిదికో తాళం ఇచ్చి వెళ్లడం షెడ్డులో పెట్టడం కంటే తెలివైన పని, ఆ నడిపే మనిషికి లైసెన్సు, బండికి కాగితాలు సరిగా ఉంటే.

ఆ కాగితాల్లో ముందు చూడాల్సింది బీమా. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలన్న నిబంధన వచ్చింది. ఆ ఐదేళ్లు తీరే తేదీ యజమాని ఊళ్లో లేనప్పుడు రావచ్చు. జర్మనీలోలాగా వాడే నెలలకే బీమా కట్టే పద్ధతి మనకు లేదు. గడువు తీరిన బండిని పండక్కి వచ్చి నేరుగా రోడ్డెక్కిస్తే, మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ ప్రకారం మొదటిసారి పట్టుబడినప్పుడు 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు.